గడ్డిపోచయు తాడును: కాయకమును అప్పగించు ధర్మము

శ్రీ గురుబసవలింగాయ నమః



కాయకమహిమను గూర్చి మన మఠములందును, బసవ జయంతి సభలయందును వినని వారుండరు. కాయకము నెట్లు చేయవలెనో, దాని ఫలము నెట్లు దాసోహము గావింపవలెనో పెద్దలు పలుమాఱు వివరించియున్నారు. కాని చేయుచున్న కాయకమును మరియొకరి చేతి కెట్లు అప్పగింపవలెనో విచారించుట తక్కువ. ఉద్యోగము చేయు ప్రతి గృహస్థునకును ఈ ప్రశ్న ఒకనాటికి ఎదురుకాక తప్పదు.

పైయధికారి యొకనాడు పిలిచి, ప్రక్కన నిలిచిన పడుచువానిని చూపి, "ఈతనికి మీ పని అంతయు నేర్పుడు. ఆరు మాసములలో మీ కుర్చీలో ఈతడు కూర్చుండును" అని చెప్పును. పదవీ విరమణ కారణము కావచ్చును, బదిలీ కావచ్చును, సంస్థవారి వేరొక యోచన కావచ్చును. ఆ మాట చెవినిపడిన క్షణమున మనస్సులో ఏదో కలుక్కుమనును. ముప్పదియేండ్లు మోసిన తాళముచెవుల గుత్తి ఒక్కసారిగా బరువెక్కినట్లును, తేలికపడినట్లును తోచును. "అంతయు నేర్పవలెనా? కొంత దాచుకొనరాదా? ఈతడు అన్నియు నేర్చినచో నన్నడుగువా రెవరు?" అను తలంపు మెదలును. ఆ తలంపు దుష్టులకు మాత్రమే కలుగునది కాదు, మంచివారికిని కలుగును. అది కలిగినపుడు శరణుల మార్గమున నడచువా డేమి చేయవలెనో నేడు విచారింతము.

మొదట మన అఱచేతిని చూచుకొందము. నిత్యము పూజించు ఇష్టలింగము మనకు ఎట్లు లభించినది? మనమంతట మనము సంపాదించినది కాదు. దీక్షాసమయమున గురువు తన చేతినుండి మన చేతిలో నుంచెను. ఆ గురువునకు ఆయన గురువు ఇచ్చెను. లింగధారణమే ఒక అప్పగింత. గురువు "దీనిని దాచుకొందును, శిష్యునకు సగమే యిత్తును" అని తలచియున్నచో, ఈనాడు మన మెడలో లింగముండెడిది కాదు. తనువును గురువునకు, మనస్సును లింగమునకు, ధనమును జంగమమునకు అర్పింపుమని శరణుల బోధ. మన పనితనము ఈ మూటిలో దేనికి చెందినది? చేతికి అలవడినది కనుక తనువునకు చెందినది, బుద్ధికి పట్టుబడినది కనుక మనస్సునకు చెందినది, జీతము తెచ్చినది కనుక ధనమునకును చెందినది. మూడును అర్పితములైన పిదప "ఇది నాది" అని దాచుకొనుట కేమి మిగిలినది?

పనిలో చేరిన మొదటి దినమును తలచుకొనుడు. ఏ కాగితము ఏ బీరువాలో నున్నదో మనకు తెలియదు. ఎవరో ఒక పెద్దమనిషి ప్రక్కన కూర్చుండబెట్టుకొని చూపెను. ఆయన పేరు నేడు కార్యాలయమున ఎవరికిని జ్ఞప్తిలో నుండకపోవచ్చును. కాని ఆయన చేతివ్రాత తీరు మన చేతివ్రాతలో నున్నది, ఆయన లెక్క సరిచూచు పద్ధతి మన లెక్కలో నున్నది. ఆయనకు మనము చెల్లింపవలసిన ఋణ మొక్కటియే. అది ఆయనకు చెల్లించునది కాదు, మన తరువాతివానికి చెల్లించునది.

కల్యాణమున శరణులలో నులియ చందయ్య గారుండిరి. గడ్డి కోసి తాడు పేని, అమ్మి, వచ్చిన దానితో జంగమదాసోహము చేయుట ఆయన కాయకము. ఒకనాడు గడ్డి కోయుచుండగా ఆయన ఇష్టలింగము జారి నీటిలో పడెననియు, ఆయన దానిని తీయక గడ్డిమోపుతో ముందుకు సాగెననియు, లింగమే వెంటవచ్చి వేడుకొనగా అంగీకరింపలేదనియు, మడివాళ మాచయ్య గారు నడుమ నిలిచి నచ్చజెప్పగా లింగమును కాయకమునకు పాల్పడిన పిమ్మటనే మరల స్వీకరించెననియు శూన్యసంపాదనమున కథ యున్నది. కాయకమునుండి లింగమునకు కూడ విడుపు లేదని ఈ కథను పెద్దలు వినిపింతురు. మనము నేడు చందయ్యగారి చేతిలోని తాడును మాత్రము కొంత గమనింతము.

తాడు బారలకొలది సాగును. దానిలోని గడ్డిపోచ మూరెడో రెండు మూరలో ఉండును. ఇంత చిన్న పోచలతో అంత పొడవైన తా డెట్లు ఏర్పడినది? పేనువాని చేతులు చూడుడు. పాతపోచ చివర ఇంకను జానెడు మిగిలియుండగనే కొత్తపోచను దాని ప్రక్కన చేర్చి, రెంటిని కలిపి పురి త్రిప్పును. కొంత దూరము రెండును జంటగా సాగును. తరువాత పాతది ముగియును, కొత్తది సాగును. ఆ చోట ముడి యుండదు, అతుకు కనబడదు. పాతపోచ పూర్తిగ ముగిసిన తరువాత కొత్తపోచను చేర్చబోయినచో అచ్చట పట్టు చిక్కదు. చూపునకు తాడువలె నుండినను బరువు పడగనే అక్కడనే తెగును.

సోదరులారా, ఉద్యోగమును ఇట్టిదే. సంస్థ తాడు, మనము పోచలము. మనము మిగిలియుండగనే కొత్తవాడు ప్రక్కన చేరవలెను. కొంతకాలము ఇద్దరును ఒకే పురిలో నడువవలెను. దీపముండగనే ఇల్లు చక్కబెట్టుకొనుమని మన పెద్దలన్న మాటకు అర్థ మిదియే.

బసవేశ్వరుని ఉద్యోగజీవితమును చూడుడు. మంగళవాడలో సిద్ధదండాధిపుని గణకుల యొద్ద యువకుడైన బసవన్న నిలిచి, లెక్కలోని తప్పును చూపెనని హరిహర కవి తన రగళెలో వర్ణించినాడు. తన కొలువులోని లెక్కలో తప్పు పట్టిన కుఱ్ఱవానిని ఒక పెద్ద అధికారి ఏమి చేయును? గెంటివేయవచ్చును. లేదా, పైకి మెచ్చుకొని లోపల అడ్డుపడవచ్చును. సిద్ధదండాధిపుడు అట్లు చేయలేదు. ఆతనిని కొలువులో చేర్చుకొని పెంచెను. ఆయన తదనంతరము భండారబాధ్యత బసవన్నకు సంక్రమించెను. బసవన్నను మనము నిత్యము స్మరింతుము. ఆతనికి చోటిచ్చిన ఆ పెద్దమనిషిని కూడ ఒకమాఱు స్మరించుట న్యాయము.

ఆ బసవన్నయే అనుభవమంటపమును నెలకొల్పి, దాని శూన్యసింహాసనముపై తాను కూర్చుండక అల్లమప్రభువును కూర్చుండబెట్టెను. ప్రభువు తరువాత చెన్నబసవన్నయు, ఆయన తరువాత సొన్నలిగె సిద్ధరాముడును ఆ పీఠము నలంకరించిరని సంప్రదాయము. స్థాపించినవాడే పీఠమును పట్టుకొని వ్రేలాడలేదు. దాని ఫలితము కల్యాణమున విప్లవము చెలరేగినపుడు తెలిసినది. శరణులు చెల్లాచెదరైరి. చెన్నబసవన్న మొదలగువారు ఉళివికి చేరిరి. కల్యాణనగరము పాడయ్యెను గాని, కల్యాణజ్ఞానము పాడుకాలేదు. ఏలన అది ఒక్కరి గుండెలో దాచిన రహస్యము కాదు. చాకలి, పడవవాడు, చెప్పులు కుట్టువాడు, బుట్టలల్లువాడు, వారి యిండ్లలోని శరణీమణులు, అందఱును దానిని నేర్చియుండిరి. అందఱి చేతిలోని దానిని ఎవరు తగులబెట్టగలరు?

మన తెలుగువారి వంతు కూడ తక్కువది కాదు. పాల్కురికి సోమనాథుడు బసవని చరిత్రను తెలుగు ద్విపదలో రచింపగా, భీమకవి 1369లో దానిని కన్నడమునకు తెచ్చెను. కన్నడదేశపు శరణుల కథ తెలుగున పురాణమై, మరల కన్నడమునకు చేరినది. తరువాత శతాబ్దులపాటు తాళపత్రములలో నిద్రించిన వచనములను ఫ. గు. హళకట్టి గారు ఇల్లిల్లు తిరిగి సేకరించి, 1923లో వచనశాస్త్రసారమును ప్రకటించిరి. ఇది యంతయు ఒక చేతినుండి మఱియొక చేతికి జరిగిన అప్పగింతయే.

ఇటీవలి కాలపు దృష్టాంతము తుమకూరు సమీపమున నున్న సిద్ధగంగామఠము. ఉద్ధాన శివయోగి స్వాములవారు మరుళారాధ్యులను ఉత్తరాధికారిగా ఎంచుకొనిరి. 1930లో మరుళారాధ్యులు హఠాత్తుగా లింగైక్యులైరి. తీర్చిదిద్దిన శిష్యుడు చేజారినపుడు వృద్ధగురువు "ఇక నెవ్వరును వలదు, నేనున్నంతకాలము నడుపుదును" అనలేదు. ఆ సంవత్సరముననే, బెంగళూరు సెంట్రల్ కాలేజీలో చదువుచున్న యువకునికి విరక్తాశ్రమ మిచ్చి ఉత్తరాధికారిని చేసిరి. ఆయనయే శివకుమార స్వాములు. 1941లో గురువు లింగైక్యులగువఱకు పదునొకండేండ్లు ఆ యువకుడు గురువు నీడలో నుండి మఠపు పనులు నేర్చెను. తరువాత శివకుమార స్వాములు 1988లోనే సిద్ధలింగ స్వాములను తమ ఉత్తరాధికారిగా నియమించిరి. 2019 జనవరిలో 111 ఏండ్ల వయస్సున ఆయన లింగైక్యులైనపుడు, ముప్పది యేండ్లుగా ప్రక్కన మెలగిన ఉత్తరాధికారి సిద్ధముగా నుండెను. వేలాది బాలురకు అన్నమును అక్షరమును పెట్టు ఆ మఠమున పొయ్యి చల్లారలేదు. పాతపోచతో కొత్తపోచ ముప్పదియేండ్లు జంటగా సాగిన తాడు అది.

దీనికి భిన్నమైన దృష్టాంతమును కూడ చెప్పవలెను. 1983 ఫిబ్రవరిలో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఉద్యోగుల విరమణ వయస్సును 58 నుండి 55 ఏండ్లకు తగ్గించెను. అప్పటికే 55 దాటినవారు వేల సంఖ్యలో ఆ నెలాఖరుననే కుర్చీలు విడువవలసివచ్చెను. ఆజ్ఞకును నిష్క్రమణకును నడుమ నెలదినములు కూడ లేవు. 1984లో వయస్సును మరల 58 చేసిరి. తరువాత అది పెరుగుచు వచ్చి, తెలంగాణమున 2021లో 61, ఆంధ్రప్రదేశమున 2022లో 62 అయ్యెను. ఆ నిర్ణయముల మంచిచెడ్డలు మనకిచట అప్రస్తుతములు. తెలిసికొనవలసిన దొక్కటి. మన విరమణ తేదీ మన చేతిలోనిది కాదు. ప్రభుత్వాజ్ఞ దానిని మార్చగలదు, అనారోగ్యము మార్చగలదు, శివాజ్ఞ మార్చగలదు. "చివరి మాసమున నేర్పుదును" అనువానికి ఆ చివరి మాసము ముందుగా తెలియునా?

ఇక మన భయమును పరీక్షింతము. "నేనొక్కడనే ఎఱిగియున్నచో నాకు విలువ యుండును" అని కొందఱందురు. అది విలువయా, చెఱయా? సెలవుపై ఊరికి పోయినను "ఆ రిజిస్ట రెక్కడ?" అని ఫోను వచ్చును. కుమార్తె వివాహమున పీటలపై నుండగా పిలుపు వచ్చును. దానిని గౌరవమని మురియువాడు తన సంకెలను కంకణమనుకొనుచున్నాడు. వాడు లేని దినమున నష్టపోవున దెవరు? గుమాస్తా ఒక్కడు సర్వీసు రిజిస్టరు నింపుట ఎవరికిని నేర్పక పోయినచో, ఆగునది అధికారి జీతము కాదు. కార్యాలయపు మెట్లపై కొంగు నోటికడ్డుపెట్టుకొని కూర్చుండిన ఒక వితంతువు పింఛను కాగితము ఆగును. దాచిన విద్య చివరకు పేదల అన్నమునే తినును.

ఆయ్దక్కి మారయ్యగారు ప్రతిదినము బసవన్నవాకిట రాలిన బియ్యము నేరి తెచ్చెడివారు. ఒకనాడు అలవాటునకు మించి తెచ్చిరి. ధర్మపత్ని లక్కమ్మగారు ఆ అధికమును చూచి సంతోషింపలేదు. మనకు కావలసినంతకంటె ఎక్కువ తెచ్చుట ఆశయే యని, దానిని మరల అచ్చటనే పోసిరమ్మని పంపిరి. పాత్రలో అధికముగా నున్న బియ్యము దోషమైనచో, కాలము చెల్లిన తరువాత పట్టుకొనియున్న అధికారము దోషము కాదా? మనము తినలేము, ఇతరులను తిననీయము. లక్కమ్మగారు మన యింట నుండినచో, "ఆ తాళముచెవులు అప్పగించిరండు" అని మనలను కూడ పంపియుండెడివారు.

ఎట్లు నేర్పవలెనని అడిగెదరేమో. పంచాచారములే దారి చూపును.

మొదటిది లింగాచారము. మన యెదుట కూర్చుండిన పడుచువానిలోను శివుడున్నాడని తలచి బోధింపుడు. అప్పుడు వాడు మన అన్నము లాగుకొనవచ్చినవానివలె కనబడడు.

రెండవది సదాచారము. సత్యమును పూర్తిగ చెప్పుట. నున్నని భాగమును చూపి గతుకులను దాచరాదు. ఏ లెక్క ఏ మాసమున ముగింపవలెను, మార్చి నెలాఖరున ఏ తొందర యుండును, ఏ కాగితము ఎవరి సంతకమున ఆగియున్నది, ఎక్కడ తఱచు పొరపాటు జరుగును, ఏ బాకీ ఇంకను రావలసియున్నది, ఇవియన్నియు ఒక నోటుపుస్తకమున తేదీలతో వ్రాసియిండు. నేర్పుటలో క్రమమున్నది. మొదట మనము చేయుచుండగా వాడు చూడవలెను. పిదప ఇద్దరును కలసి చేయవలెను. తరువాత వాడు చేయుచుండగా మనము చూడవలెను. చివరకు వాడొక్కడే చేయవలెను, మనము పిలిచిన పలుకునంత దూరమున నుండవలెను. ఈ నాలుగవ మెట్టు కష్టతరము. వాడు తడబడుచుండగా మన చేయి ముందుకు పోవును. ఆ చేతిని ఆపుకొనుటయే అచ్చట తపస్సు.

మూడవది శివాచారము. భేదము చూపకుండుట. తనవాడైనచో అంతయు, పరాయివాడైనచో సగము నేర్పుట శివాచారమునకు విరుద్ధము. హరళయ్య కుమారునకును మధువయ్య కుమార్తెకును వివాహము జరిగినందులకు ఆ పెద్దలిద్దరును ప్రాణము లర్పించిరని చెప్పుకొను సమాజము మనది. వచ్చినవాడు ఏ కులమువాడు, ఏ ఊరివాడు, ఆడుపిల్లయా మగపిల్లవాడా అని చూచి విద్యను తూచినచో ఆ త్యాగమును మఱచినట్లే.

నాలుగవది భృత్యాచారము. తాను సేవకుడనని తలచుట. కొత్తవాడు మనవలె చేయడు. మనము పెద్ద పుస్తకమున గీతలు గీసి వ్రాసినది, వాడు కంప్యూటరులో నిమిషమున చేయును. "మా కాలమున ఇట్లు కాదు" అని ముఖము ముడుచుకొనక, ఆ పద్ధతిని వానియొద్ద నేర్చుకొనుడు. లెక్క సరిగ నున్నదా, ధర్మము చెడకున్నదా అనునదే చూడవలసినది. మన పద్ధతి నిలువవలెనని పట్టుపట్టుట కాయకభక్తి కాదు, అహంభక్తి.

అయిదవది గణాచారము. అన్యాయమును చూచి ఊరకుండకుండుట. ఇచట కఠినమైన విషయమున్నది. అప్పగింతలన్నియు న్యాయమైనవి కావు. తక్కువ జీతమునకు ఒకనిని తెచ్చి, పాతవానిచేత పని నేర్పించి, వానిని కాలము రాకమునుపే తొలగించు యజమానులు లేకపోలేదు. ఇంట చదువుకొను పిల్లలుండగా, తీర్చవలసిన అప్పుండగా అట్టి మాట విన్నవానికి "నిశ్చింతగా నేర్పుము" అని వేదికపైనుండి చెప్పుట సులభము. బసవధర్మము వానిని నోరు మూసికొనుమని చెప్పదు. న్యాయము నడుగుమని చెప్పును. రావలసిన సొమ్మును, గడువును, వేరొక పనిని యజమానిని వెలుతురులో, వ్రాతమూలకముగా, తోటివారితో కలసి అడుగవలెను. చట్టమున్నచో దాని నాశ్రయింపవలెను. అందు దోషము లేదు. కాని ఆ కోపమును ప్రక్కన కూర్చుండిన పడుచువానిపై తీర్చరాదు. వాడును పొట్టచేత పట్టుకొని వచ్చినవాడే. తప్పుత్రోవ చూపి వానిని పడద్రోసినచో యజమానికి తగులవలసిన దెబ్బ మఱియొక పేదవానికి తగులును. పోరాటము యజమానితో, బోధ శిష్యునితో. రెంటిని కలుపరాదు. ఇట్లు నిలిచినవాడు ఉద్యోగమును కోల్పోవచ్చును గాని కాయకమును కోల్పోడు.

నేర్చుకొను యువకులకును ఒక మాట. పెద్దవాని కుర్చీలో కూర్చుండుటకు తొందరపడకుడు. ఆయన ఇచ్చునది గుమాస్తాగిరి కాదు, ఆయన జీవితమున ముప్పదియేండ్లు. అడిగిన దానినే మరల అడుగుటకు సిగ్గుపడకుడు. తెలియక తలయూచుటకు సిగ్గుపడుడు. ఆయన పద్ధతిని మార్చవలసివచ్చినచో, ఆయన వెళ్ళిన మఱునాడే నలుగురిలో పరిహసించి మార్చకుడు. లెక్క బాగుగ నిలిచిన దినమున ఆయన యింటికి పోయి, "అయ్యా, మీరు చెప్పినట్లే కుదిరినది" అని ఒక మాట చెప్పిరండు. విరమించినవానికి పూలదండకంటె ఆ మాట పెద్దది.

మన మఠములకును, గృహములకును కూడ ఇది వర్తించును. మఠమున ఉగ్రాణము చూచువారు, ఏ పండుగకు ఎంతమంది వత్తురో, ఏ పంక్తికి ఎంత బియ్యము పోయవలెనో ఎఱిగినవారు, భూముల కాగితము లెచ్చట నున్నవో తెలిసినవారు తఱచు ఒక్కరే యుందురు. ప్రతి పనికిని ఇద్దరు పడుచువారిని ఇప్పుడే చేర్పుడు. ఉద్ధాన స్వాములవారి అనుభవము మనకు చెప్పునది, సిద్ధపఱచిన ఒక్కడు కూడ మనకంటె ముందు పోవచ్చునని. అందఱిని ఒక్కమాఱే మార్చకుడు. తాడు పేనువాడు కొత్తపోచలన్నిటిని ఒక్కచోటనే అతుకడు, ఎడమెడముగా చేర్చును. ఇండ్లలో బ్యాంకు పుస్తకము, భీమా పత్రము, పొలము పాసుపుస్తకము ఎచ్చటనున్నవో ఇల్లాలికి తెలియని సంసారములు నేటికిని ఉన్నవి. అక్కమహాదేవికి అనుభవమంటపమున సమానస్థాన మిచ్చిన ధర్మమున పుట్టి, ఇంటి లెక్కను ఇల్లాలికి దాచుట తగునా?

షట్‌స్థలములలో చివరిది ఐక్యము. నేను అనునది కరగి శివునిలో కలియుట. అది ఒక్క దినమున సాధింపబడునది కాదు. "ఈ పని నేను లేనిదే జరుగదు" అను మాటను విడుచుట దానికి చిన్న అభ్యాసము. మన చేతిలోని పని మఱియొకరి చేతిలో చక్కగా నడచుచుండుట కన్నులార చూచి, మనస్సున చిన్నబోక, "శివా, నీ పని నిలిచినది" అని అనగలిగిన దినమున ఆ మార్గమున ఒక అడుగు పడినట్లే.

ఈ పత్రిక మీ చేతికి వచ్చిన వారముననే మీ పనిలో ఒక భాగమును ఎంచుకొని, దానిని ఎఱుగని ఒకరిని ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. మిగిలినది బసవేశ్వరుడు నడుపును.

శరణు శరణార్థి.